మామూలు ముప్పై అడుగులు

జనార్ధనరావు గారు చెప్పే చలికి థర్మామీటర్‌లో అంకెలు చాలవు. కెనడాలోని బర్నబీలో తెలుగువాళ్లు తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు ఎక్కడ జరిగినా, బిర్యానీ గిన్నె మూత తీసేలోపు ఆయన ఒక కొండ ఎక్కి దిగేస్తారు.

"ఆ రోజు ఎంత చలంటే, గోంగూర పచ్చడి సీసాలో రాయైపోయింది. ఐస్ గొడ్డలి తీసి ఒక్కటిచ్చాను. ముక్క ఎగిరి పక్క రాష్ట్రం ఆల్బర్టాలో పడింది. అక్కడెవరో అన్నంలో కలుపుకుని, ఉప్పు కాస్త ఎక్కువైందండీ అని కబురు పెట్టారు."

అందరూ నవ్వుతారు. ఆయన భార్య హైమావతి గారు మాత్రం పెరుగు వడ్డిస్తూ, "ఈయన చెప్పింది పదితో భాగించుకోండి. మంచు కురిసిన వారమైతే ఇరవైతో" అంటారు.

అయితే ఏ అంకెతోనూ భాగించనక్కర్లేని సంగతి ఒకటుంది. ముమ్మిడివరం పక్క పల్లెటూళ్లో, వర్షమొస్తే సెలవిచ్చే బడిలో చదువుకుని, ఏభై ఐదేళ్లు వచ్చేవరకూ మంచును ఫ్రిజ్‌లో తప్ప దగ్గరగా చూడని ఈ మనిషి నిజంగానే కొండల్లోకి వెళ్తున్నారు. షుగర్ వచ్చింది, నడవమన్నాడు డాక్టరు. నడిచారు. చదునుగా నడిస్తే కబుర్లకు సరుకు దొరకడం లేదని గుట్టలెక్కారు. గుట్టల మీద మంచు పడింది. ఆ మంచు మీద జారడానికి ఆయన కాళ్లకు స్కీలు తొడిగిన మనిషి ఏనీ.

ఏనీది కాకినాడ. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆఫీసులో ఆమె రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం జనార్ధనరావు గారి ఉద్యోగం. శనివారం వస్తే కొండ మీద ఆయన నడకలో తప్పులు వెతకడం ఆమె సరదా. మొదటి శీతాకాలం ఆయన పడని చోటు లేదు. తాను పడ్డ గుంటల్లో కుందేళ్లు కాపురాలు పెట్టాయని ఆయనే చెప్పుకుంటారు. మూడో శీతాకాలానికి పడటం తగ్గింది, చెప్పుకోవడం మాత్రం తగ్గలేదు.

లిఫ్ట్ ఎక్కి పైకెళ్లి, జారుకుంటూ కిందికొచ్చి కాఫీ తాగే స్కీయింగ్ కాదు వీళ్లది. స్కీల అడుగున స్కిన్స్ అనే పట్టీలు అతికించుకోవాలి. అవి ముందుకు జారనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. అలా నాలుగు గంటలు సొంత కాళ్లతో ఎక్కితే, దిగడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం మనుషులు వారమంతా ఉద్యోగాలు చేస్తారని జనార్ధనరావు గారికి ఈ వయసులో తెలిసింది. ఏనీకి అది కూడా చాలదు. గడ్డకట్టిన జలపాతం కనిపిస్తే బూట్లకు ఇనుప పళ్లు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు గొడ్డళ్లు పట్టుకుని నిలువుగా ఎక్కేస్తుంది. కొబ్బరి దింపు తీసేవాళ్లను చిన్నప్పటినుంచీ చూసిన కళ్లు జనార్ధనరావు గారివి. కిందినుంచి చూస్తూ, "చెట్టుకైతే గరుకుంటుందమ్మా. నువ్వు అద్దాన్ని ఎక్కుతున్నావు" అనేవారు.

గోల్డెన్ ఊరు దాటాక, రోడ్డు వదిలి ఒక పూట నడిస్తే వచ్చే లోయలో అలాంటి జలపాతం ఒకటుంది. నాలుగు వందల అడుగులు. మొదటి ఏడాది ఏనీ వెళ్లేసరికి మంచుస్తంభం నేలను తాకకుండా గాల్లోనే ఆగిపోయింది. రెండో ఏడాది మూడు రోజులూ తుఫాను. ఈ ఫిబ్రవరిలో అది పైనుంచి కిందిదాకా నిండుగా కట్టిందని తెలిసింది. మార్చి ఒకటిన ఏనీ తూర్పున ఎక్కడో ఉన్న వాటర్లూలో కొత్త ఉద్యోగంలో చేరాలి. అక్కడ ఎత్తైనదేదైనా ఉందంటే అది కార్లు పార్క్ చేసే భవనమే. ఎక్కితే ఇప్పుడే ఎక్కాలి.

"అక్కకు ఇది మూడో పెళ్లిచూపులు అంకుల్. ఈసారన్నా తాంబూలాలు మార్చుకుంటరో లేదో" అంది కావ్యశ్రీ, కారులో సామాను సర్దుతూ. కావ్యశ్రీది హనుమకొండ, ఇరవై ఆరేళ్ల పిల్ల. ఏనీ ఎక్కుతుంటే కింద తాడు పట్టేది ఆమే.

"పెళ్లిపెద్దను నేనొస్తున్నాగా. కుదరకేం చేస్తుంది?" అన్నారు జనార్ధనరావు గారు.

లోయలో ఒక చెక్క క్యాబిన్. మొదటి సాయంత్రమే పొయ్యి దగ్గర ఏనీ తన చట్టం మళ్లీ చదివింది. కొండ మీద ఎవరైనా "పర్వాలేదు" అన్నారో, ఆ పూట గిన్నెలన్నీ వాళ్లే తోమాలి, నీళ్లకు మంచు వాళ్లే మోసుకురావాలి. ఇదంతా కావ్యశ్రీ వల్ల వచ్చిన చట్టం. మొదటిసారి వచ్చినప్పుడు, పెద్దవాళ్లను ఆపడమెందుకని పొద్దుటినుంచీ పర్వాలేదక్కా, పర్వాలేదక్కా అంటూనే నడిచింది. సాయంత్రం బూటు విప్పితే కాలివేళ్లు రెండు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వేళ్లు దక్కాయి, గోళ్లు పోయాయి.

"మన వాళ్ల జబ్బు ఇది" అంది ఏనీ. "కెనడా వాళ్లు కాలు నొప్పి అంటే నొప్పి అంటారు. మనం కాలు ఊడి చేతికొచ్చినా, మీరు కానివ్వండి అంటాం. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ముగ్గురిలో ఎవరు వద్దన్నా ముగ్గురం వెనక్కే. కారణం తర్వాత అడుగుదాం."

"నాకు మొహమాటమా!" అన్నారు జనార్ధనరావు గారు, మూడోసారి పప్పు వడ్డించుకుంటూ.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. మైనస్ పందొమ్మిది. నిన్నటి గాలి ఆగలేదు. ఒకరి గుండె మీద బీకన్ పెట్టె ఇంకొకరి పెట్టెకు వినిపిస్తోందో లేదో చూసుకున్నారు. మంచు కింద మనిషి కూరుకుపోతే ఎక్కడున్నాడో చెప్పేది అదే. ఏనీ ముందు, కావ్యశ్రీ మధ్యన, జనార్ధనరావు గారు చివర. మనిషికీ మనిషికీ ఏభై అడుగులు.

అడవిలో రెండు గంటలు ఎక్కాక చెట్లు పలచబడ్డాయి. మలుపు తిరగ్గానే ఎదురుగా కనిపించింది జలపాతం. జనార్ధనరావు గారు ఆగిపోయారు. ఏ జూన్ నెలలోనో హోరుమంటూ దూకే నీళ్లు, దూకుతున్నవి దూకుతున్నట్టే నిలబడిపోయాయి. మధ్యలో నీలం, అంచుల్లో పాలమీగడ రంగు, కింద తెరలు తెరలుగా వేలాడే ఊడలు. ఏదో ఒకటి కలిపి చెప్పాలని నోరు తెరిచారు గానీ, పోలికేదీ దొరక్క మూసేశారు.

దాని పాదాల దగ్గరికి వెళ్లాలంటే పెద్ద బోడి వాలును అడ్డంగా దాటాలి. దానికి ముందు చెట్ల మధ్య చిన్న ఖాళీ జాగా ఉంది. ముందు ఇద్దరూ అది దాటేశారు. జనార్ధనరావు గారు దాని నడుమకు వచ్చేసరికి కాళ్ల కింద బుఫ్ మంది. పెద్ద చప్పుడేం కాదు, పరుపు మీద ఎవరో కూర్చున్నట్టు. నిలబడ్డ చోటే ఆయన అంగుళం కిందికి దిగారు. చూస్తుండగా స్కీ ముందునుంచి మంచు మీద సన్నటి గీత ఒకటి పాకుతూ వెళ్లి, ఒక చెట్టు మొదట్లో ఆగింది.

అవతల టోపీల్లో, గాలి హోరులో ఉన్న ఇద్దరికీ ఇదేమీ వినపడలేదు. ఆయన ఆగడం చూసి ఏనీ కేకేసింది.

"అంకుల్! ఓకేనా?"

ఆయన ఆమె వైపు చూశారు. ఆమె వెనకాల జలపాతం మెరుస్తోంది. మూడేళ్లు కాచుకున్న పిల్ల. పక్షం రోజుల్లో వెళ్లిపోయే పిల్ల. పైగా ఆయన చెప్పే మాటకు ఊళ్లో పదితో భాగహారం. ఇప్పుడు భూమి కుంగిందంటే, అంకుల్ మొదలెట్టారు అని నవ్వరూ?

"పర్వాలేదు!" అని అరిచారు.

ఏనీ ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత తిరిగి నడిచింది.

జనార్ధనరావు గారు కూడా నడిచారు. గట్టిగా నూరడుగులు ఉంటాయేమో. ఉద్యోగమంతా ఆయన చేసిన పని, నడుస్తున్న ప్రోగ్రాము దగ్గర కూర్చుని ఇక్కడేదో తేడాగా ఉందని చెప్పడం. అది చెప్పడానికి ఏనాడూ ఎవరి మొహమూ చూడలేదు. ఇవాళ చూశారు. ఆ నూరడుగులూ స్కీలు సీసం పోసినట్టు బరువెక్కాయి.

ఏనీ పెద్ద వాలు అంచున ఆగింది. మొదటి అడుగు వెయ్యడానికి స్కీ కర్ర ముందుకు చాచింది.

"ఏనీ, ఆగమ్మా."

ఆమె ఆగింది. ఆయన రొప్పుతూ దగ్గరికొచ్చారు.

"ఇందాక ఆ జాగాలో నా కింద మంచు కుంగింది. చప్పుడైంది. గీత పడింది."

కావ్యశ్రీకి అలవాటు చొప్పున నవ్వొచ్చింది. ఏనీకి రాలేదు.

"గీత ఎంత పొడుగు?"

"ముప్పై అడుగులు."

"మీ ముప్పైయా అంకుల్, మామూలు ముప్పైయా?"

"మామూలు ముప్పై."

ఏనీ ఆయన ముఖంలోకి చూసింది. గోంగూర లేదు, కుందేళ్లు లేవు, కంటి చివర మెరుపు లేదు. ఆఫీసులో తప్పు పట్టుకున్న రోజు ఉండే ముఖమే ఉంది. చాచిన కర్రను నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"కావ్యా, పార తియ్యి."

చెట్ల అంచునే, వాలు తిరిగిన దిక్కుకే మొహం పెట్టి నాలుగడుగుల గొయ్యి తవ్వారు. గోడలోంచి స్తంభం లాగా ఒక మంచు దిమ్మను రంపంతో కోసి విడదీసింది ఏనీ. పార రేకును దాని నెత్తిన పెట్టి, మణికట్టుతో మెల్లగా తట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి పై భాగమంతా, బీరువాలోంచి సొరుగు లాగినట్టు, జర్రున ముందుకొచ్చి ఆమె ఒళ్లో పడింది. అది జారిన చోట వేలు పెట్టి గీరితే పంచదార పలుకుల్లా పొడిపొడిగా రాలింది. పైన గాలి పేర్చిన గట్టి పలక, కింద ఈ పలుకులు. పెద్ద వాలంతా ఇలాగే పలుకుల మీద ఆని నిలబడి ఉంది, కాలు పెడితే మొత్తం జారి మనిషిని కప్పేస్తుంది.

ఏనీ ఒళ్లో మంచు దులుపుకుని, "వెనక్కి" అంది. అంతే. మూడేళ్ల ఆశకు ఆమె తీసుకున్న సమయం అది.

"అక్కా, వేరే తొవ్వ ఏమన్న..."

"లేదు కావ్యా. ఇది దాటకుండా దాని దగ్గరికి దారి లేదు."

వచ్చిన దారిన కొంత వెనక్కి వెళ్లి, ఖాళీ జాగాను వదిలేసి చుట్టూ తిరిగి, ముసలి దేవదారు చెట్లు దట్టంగా ఉన్న గట్టు మీదికి చేరారు. అక్కడ ఏదీ జారదు. జలపాతం మాత్రం ఎదురుగా, చెయ్యి చాస్తే అందుతుందా అన్నట్టు నిలబడి ఉంది. సంచుల మీద కూర్చున్నారు. గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి పెట్టుకున్న పులిహోర పొట్లాలు కోట్ల లోపల్నుంచి బయటికొచ్చాయి.

జనార్ధనరావు గారు తన పొట్లం విప్పలేదు.

"అమ్మా, నువ్వడిగినప్పుడే చెప్పాల్సింది. నీ ఎక్కడం పాడుచెయ్యడమెందుకని నోరు రాలేదు. నూరడుగులు నీ వెనకాల దొంగలాగా నడిచాను."

ఏనీ పొట్లం మడత విప్పుతూ తలొంచుకునే అంది. "మీరు పర్వాలేదు అన్నది నాకు స్పష్టంగా వినిపించింది అంకుల్. చట్టం పెట్టింది నేనే. ఆ మాట వింటే తిరిగొచ్చి అడగాలి కదా. కళ్లెదురుగా అది కనిపిస్తుంటే అడగబుద్ధి కాలేదు. విని కూడా నడిచాను." పొట్లం ఒళ్లో పెట్టుకుని, "మీరు ఆగారు. నేను ఆగేదాన్నో కాదో" అంది.

"గిన్నెలు ఇద్దరూ తోముతరా మరి?" అంది కావ్యశ్రీ.

ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వితే పెదాలు పగిలాయి.

తిన్నాక ఏనీ కదల్లేదు. జలపాతం మీదనుంచి చూపు తియ్యలేదు. ఉన్నట్టుండి కుడిచెయ్యి ఎత్తింది.

"ఇక్కడ మొదలెడతా. ఎడమ పక్క నీలంగా ఉంది చూడండి, అది చిక్కటి మంచు. తెల్లగా ఉన్నచోట గాలి ఉంటుంది, గొడ్డలి నిలవదు." పిడికిలి బిగించి గాల్లో కొట్టింది. కూర్చున్న చోటే మడమ దింపి కాలు తన్నింది. "ఒకటి. ఇంకోటి. ఇక్కడ మంచులోకి స్క్రూ దించి తాడు తగిలిస్తా. కావ్యా, తాడు వదులు."

కావ్యశ్రీ చేతులు వాటంతటవే కదిలి, లేని తాడును రెండు బారలు వదిలాయి.

"ఊడల కింద మెడ వెనక్కి విరిచి ఎక్కాలి. చేతుల్లో రక్తం ఉండదు. ఒక చేత్తో వేలాడి ఇంకోటి విదిలించుకుంటా. మీద నీళ్లు కారుతుంటాయి, కాలర్‌లోకి పోతాయి. అక్కడ తొందరపడకూడదు." ఆమె నిజంగానే చెయ్యి విదిలించింది, నిజంగానే ఊపిరి బిగబట్టింది. కుడికి జరిగింది, నచ్చక మళ్లీ ఎడమకు వచ్చింది. ఒకచోట గొడ్డలి జారి మళ్లీ కొట్టింది. జనార్ధనరావు గారు పళ్లు బిగించి ఆమెతో పాటు ఊడల కింద వేలాడారు. ఎన్ని కబుర్లు చెప్పారో జీవితంలో, ఇంత నిజంగా ఒక్కటీ చెప్పలేదనుకున్నారు. ఎక్కడా ఒక్క అడుగు పెంచలేదు ఆ పిల్ల, ఒక్క కష్టం దాచలేదు.

ముప్పావుగంటకు నాలుగు వందల అడుగులూ అయ్యాయి. ఏనీ చేతులు దించింది. మైనస్ పందొమ్మిదిలో ఆమె కణతల మీద చెమట.

"పైనుంచి ఏం కనిపిస్తోందక్కా?" అంది కావ్యశ్రీ చిన్నగా.

"మీరిద్దరూ" అంది ఏనీ.

సూర్యుడు పెద్ద వాలు పైకి వచ్చాడు. లేచి, స్కీల కింద పట్టీలు పీకి, మడిచి కోట్లలో దాచుకున్నారు. గట్టు మీదనుంచి చెట్ల మధ్యగా, మెత్తటి వాలు క్యాబిన్‌దాకా ఉంది. గాలి చొరబడని చోటు కావడంతో మంచు దూదిలా ఉంది. ఏనీ ముందు దిగింది. మోకాళ్లు ఒకసారి వంచి లేచింది, అంతే, కొండ ఆమెను తీసుకుపోయింది. ఎడమకు ఒక మెలిక, కుడికి ఒక మెలిక, ప్రతి మెలికకూ భుజాల ఎత్తున మంచు పొగ. చెట్ల వెనక్కి మాయమైపోయాక కూడా ఆమె వేసిన ఈల వినిపిస్తూనే ఉంది. జలపాతం ఎక్కలేకపోయిన మనిషి వేసే ఈల కాదది.

"పోండి అంకుల్, మీదే వంతు" అంది కావ్యశ్రీ.

జనార్ధనరావు గారు కిందికి చూశారు. తెల్లటి వాలు మీద ఒక్క గీత, చెయ్యి తిరిగినవాళ్లు వేసిన మెలికల ముగ్గు లాగా. దాని మీదనుంచి పోతే దారి తేలిక. ఆయన స్కీలు పక్కకు తిప్పుకున్నారు. ఆ గీతను తొక్కకుండా, దానికి పదడుగుల అవతల, మోకాలు లోతు మంచులో దిగడం మొదలుపెట్టారు.