మూడు వందల ఎనిమిదో డ్రమ్ము

నేను ఒక చోట ఉండను. నాతో వచ్చిన చిక్కల్లా అదే. సైకిలైతే గోడకు చేరేసి చూపించవచ్చు, గడియారమైతే మేకుకు తగిలించి చూపించవచ్చు. నన్ను చూపించమంటే మాత్రం తలా ఒక దిక్కు చూపిస్తారు. గేటు దగ్గర లారీలు తూకం వేసే మనిషి తన ముందున్న తెరను చూపిస్తాడు. మేనేజరుగారు ఏసీ గదిలో గుయ్యిమంటూ ఉండే నల్ల పెట్టెను చూపిస్తారు. ఇద్దరూ చెప్పేది సగం నిజం.

నా పేరు ఈఆర్‌పీ. పూర్తిగా అయితే ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్. అంత పేరూ పలికేలోపు టీ చల్లారిపోతుంది. ఒక సంస్థలో కొనుగోలు, గోదాము, తయారీ, నాణ్యత పరీక్ష, రవాణా అంటూ ఎన్ని విభాగాలున్నా అన్నిటికీ ఒకే జ్ఞాపకం ఉండేలా చూడటం నా ఉద్యోగం.

నాది మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో తెరలు. మీరు వేలితో నొక్కేదీ, విసుక్కునేదీ వాటినే. మధ్య అంతస్తులో నియమాలుంటాయి. పరీక్ష కాని సరుకు లారీ ఎక్కకూడదు, పండని కాయ లైను మీదికి పోకూడదు, ఇలాంటివి. అడుగు అంతస్తు డేటాబేస్, అంటే నా జ్ఞాపకం. ఒకసారి అక్కడ పడ్డ మాట ఎన్నాళ్లయినా చెక్కుచెదరదు. పైనుంచి ఎవరూ తిన్నగా అడుక్కి దిగలేరు. యజమాని అయినా సరే, మధ్య అంతస్తులో ఆగి జవాబు చెప్పుకున్నాకే కిందికి పోవాలి. యజమానులకు నా మీద మొదటి కోపం అక్కడే మొదలవుతుంది.

నన్ను పుట్టించింది తబస్సుమ్. కర్నూలు పిల్ల. మాదాపూర్‌లో ఒక కర్రీ పాయింటు మీది గదిలో ఇద్దరు స్నేహితులతో కూర్చుని మూడేళ్లు నన్ను రాసింది. కింద తాలింపు పడ్డప్పుడల్లా పైన ముగ్గురూ తుమ్మేవాళ్లు. నా తొలి తప్పుల్లో కొన్ని ఆ తుమ్ముల మధ్య దొర్లినవేనని నా అనుమానం.

నా మొదటి యజమాని బాలానగర్‌లో మోటారు పంపులు చేసే కంపెనీ. నన్ను ఎంతో గౌరవంగా చూసుకున్నారు. ఎంత గౌరవమంటే, నా తెర మీద కనిపించేదంతా కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైలు చూసి మళ్లీ నాలో ఎక్కించేవారు. రెండేళ్లు నేను వాళ్లకు అద్దంలా పనిచేశాను. తర్వాత వాళ్లు పంపులు మానేసి ఫంక్షన్ హాలు కట్టుకున్నారు. నేను ఖాళీ అయ్యాను.

అప్పుడు వచ్చింది అసలు ఉద్యోగం. చిత్తూరు జిల్లాలో, బంగారుపాళెం దగ్గర, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.

మే నెల వచ్చిందంటే ఆ రోడ్డు పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లే. కాయను కడిగి, పిండి, గుజ్జును ఆవిరితో కాచి, గాలి చొరబడని సంచుల్లో నింపి, ఒక్కో సంచిని ఒక్కో ఇనుప డ్రమ్ములో పెట్టి విదేశాలకు పంపుతారు. యజమాని చెంగల్రాయ నాయుడు. గొంతు పెద్దది, మనసు మంచిది, ఓపిక బొత్తిగా లేదు. నాణ్యత పరీక్షల అధికారి దేవకి. సంతకం పెట్టేముందు పెన్ను కూడా పరీక్షించే మనిషి. డ్రమ్ములు నింపే చోట ఫోర్‌మన్ మునిరత్నం. ముప్ఫై ఒక్క సీజన్లుగా అక్కడే ఉన్నాడు.

నేను వచ్చిన రోజు మునిరత్నం నా తెరను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీనికి మామిడికాయ వాసన తెలుస్తుందా తల్లీ?”

“తెలీదన్నా,” అంది తబస్సుమ్.

“సరే అయితే. నా పనికి ఢోకా లేదు.”

పద్ధతి ఇలా కుదిరింది. డ్రమ్ము నిండగానే లైను మీది ఆడవాళ్లు తెర మీద ఒక మీట నొక్కుతారు. నేను వరస నంబరు వేసుకుని, ఏ నిమిషంలో నిండింది, ఆవిరి ఎంత ఉంది, లోపలి సంచి నంబరు ఎంత, అన్నీ అడుగు అంతస్తులో దాచుకుంటాను. డ్రమ్ముకు అంటించడానికి చీటీ కూడా ఇచ్చేదాన్ని. తడికి చీటీలు ఊడిపోతున్నాయని మునిరత్నం వాటిని పక్కన పెట్టి, పాత అలవాటు ప్రకారం బ్రష్షుతో తెల్ల రంగు నంబర్లు వేసేవాడు. నంబరు ఎవరు వేస్తే ఏం, ఒకటి తర్వాత రెండే కదా అని అందరం ఊరుకున్నాం.

ఆ జూన్‌లో మొదటి ఆర్డరు మూడు వందల ఇరవై డ్రమ్ములు. ఎనభై చొప్పున నాలుగు కంటెయినర్లు. పంపాల్సిన రోజున అవి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చెన్నై హార్బరుకు బయలుదేరాలి, లేకపోతే ఓడ దాటిపోతుంది. కొనేవాళ్లు మొదటిసారి కొంటున్నారు. ఓడ తప్పినా, ఒక్క డ్రమ్ము చెడిపోయి చేరినా, మిగతా సీజన్ ఆర్డరంతా రద్దు. అప్పుడు లైను ఆగిపోతుంది, నూట నలభై మంది ఆడవాళ్లు జూన్‌లోనే ఇంటికి పోవాలి.

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు దేవకి నమూనాల బీరువా తెరిచింది. రోజూ కొంచెం గుజ్జును చిన్న సంచుల్లో తీసి వెచ్చగా ఉంచి కనిపెట్టి చూస్తారు. వాటిలో ఒక సంచి పూరీలా పొంగి ఉంది.

అంటే లోపల గుజ్జు పులిసిపోయినట్టే. దేవకి సంచి మీది తేదీ, టైము నాకు చెప్పింది. నేను రెప్పపాటులో జవాబిచ్చాను. ఆ తేదీన పదిహేను నిమిషాలు ఆవిరి తగ్గింది. ఆ పదిహేను నిమిషాల్లో నిండినవి ఆరు డ్రమ్ములు. 305 నుంచి 310 దాకా.

నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది. పాత పుస్తకాల్లో అయితే రెండు రోజులు వెతకాల్సిన సంగతి.

మూడు కంటెయినర్లకు అప్పటికే సీలు పడింది. నాలుగోది నింపుతున్నారు. దేవకి పరుగెత్తింది. మొదటి సరుకు కదాని తబస్సుమ్ కూడా ఆ రోజు అక్కడే ఉంది. ఆమె చేతిలో ట్యాబ్, ట్యాబ్‌లో నేను. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి యార్డులోంచి డ్రమ్ములను లాగి పక్కన పెట్టింది. 305, 306, 307, 309, 310.

ఐదు.

“ఆరోది యాడ?” అంది దేవకి.

యార్డంతా తిరిగారు. లేదు. కంటెయినర్‌లోకి టార్చిలైటు వేసి చూశారు. లేదు. బదులుగా వేరే డ్రమ్ములు ఎక్కిస్తూనే ఉన్నారు. పన్నెండు కావస్తోంది. చెంగల్రాయ నాయుడు వచ్చాడు.

“ఏం తల్లీ, నీ మిషను లేని డ్రమ్మును చూపిస్తా ఉండాదే!”

“ఉంది సార్. 308 నిండింది. టైముతో సహా ఉంది.”

“అట్లయితే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? ఆ రత్నాన్ని పిలవండి. ఆయప్ప తేల్చలేకపోతే ఈ సిస్టమును ఇయ్యాళే మూటకట్టి పంపిచ్చేస్తా.”

మునిరత్నం తలగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విని తేలిగ్గా నవ్వాడు.

“మూడొందలెనిమిదా? ఆ డ్రమ్ము కోసరమా ఇంత గలాటా? అట్లాంటిది లేదు.”

“లేకపోవడమేంటన్నా?” అంది దేవకి.

“నేను ఎనిమిది రాయను గదా అమ్మణ్ణీ.”

యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ కూడా ఆగింది.

“నేను చేరిన సంవత్సరమే ఎనిమిదో నంబరు డ్రమ్ము జారి ఈ కాలి మింద పడింది. మూడు నెలలు మంచం. అప్పట్నించి ఆ అంకెకు నా బ్రష్షు తగల్లా. ఏడు అయినాక తొమ్మిది. డెబ్బై తొమ్మిది అయినాక తొంభై. అందరికీ తెలుసనుకుంటినే!”

అందరికీ తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పనేలేదు, అదే విచిత్రం. లైను మీది ఆడవాళ్లకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, క్యాంటీన్ అమ్మకు తెలుసు. కొత్తగా వచ్చిన దేవకికీ, తబస్సుమ్‌కూ, పైనుంచి ఊడిపడ్డ నాకూ తప్ప. నాయుడు కూడా తల గోక్కున్నాడు. “అవును గదా! నాకూ యాదికి రాలా.”

తబస్సుమ్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆమె వేళ్లు ట్యాబ్ మీద బిగుసుకోవడం నాకు తెలిసింది.

“మునిరత్నమన్నా, అయితే మీ 305 నా 305 కాదు. ఎనిమిది వచ్చినప్పుడల్లా మీరు ముందుకు దూకారు. ఈ ఐదూ మంచి డ్రమ్ములు. చెడ్డవి ఆరూ వేరే నంబర్లతో ఎక్కడో ఉన్నాయి.”

సరిగ్గా అప్పుడే నాలుగో కంటెయినర్ తలుపులు మూసిన చప్పుడైంది.

“ఆపండి!” అని దేవకి అరిచిన అరుపుకు రోడ్డు మీది ట్రాక్టరు కూడా ఆగిందట.

పన్నెండూ పది. తబస్సుమ్ మామిడికాయల బుట్ట మీద కూర్చుంది. నా మధ్య అంతస్తులో ఎన్నో నియమాలున్నాయి, ఎనిమిదంటే పడని మనిషి గురించి ఒక్కటీ లేదు. రాయడం మొదలుపెట్టింది. అటు మునిరత్నం సుద్దముక్క తీసుకుని ఒక డ్రమ్ము మూత మీద వంగాడు. చుట్టూ ఆడవాళ్లు మూగారు.

“మూడొందల్లోపల నావి రెండొందల నలభై రెండు డ్రమ్ములు. మీ మూడొందల అయిదుకు ఇంకా అరవై మూడు కావాల. పదికి తొమ్మిది లెక్కన...”

“మామా, ఏడు తొమ్ముదులు అరవై మూడు!” అంది గుంపులోంచి ఒకామె.

“నాకు తెలీదా మే? నోరు మూసుకో, లెక్క జారిపోతాది.”

తబస్సుమ్ మీట నొక్కింది. నేను కొత్త నియమం గుండా అడుగు అంతస్తుకు దిగి, పైకి వచ్చి, తెర మీద రాశాను. అటు సుద్దముక్క ఆగింది.

“369,” అంది తబస్సుమ్.

“మూడొందల అరవై తొమ్మిది,” అన్నాడు మునిరత్నం. “అక్కణ్ణించి డెబ్బై నాలుగు దాకా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు ఎంతో వేగమని పేరు. ఆ రోజు సుద్దముక్కతో సమానంగా వచ్చాను.

369 కంటెయినర్‌లోనే ఉంది, తలుపుకు దగ్గరగా. దించారు. మూత తీశారు. లోపలి సంచి మీది నంబరు దేవకి పెద్దగా చదివింది. నా జ్ఞాపకంలో మూడు వందల ఐదో డ్రమ్ములో పెట్టిన సంచి నంబరు అదే, చివరి అంకె దాకా. అయినా దేవకి ఊరుకోలేదు. ఆరింటి మూతలూ తీయించింది. ఆరూ సరిపోయాయి. ఆరోదాంట్లో సంచి అప్పటికే కొంచెం ఉబ్బి ఉంది.

తర్వాతి అరగంట అక్కడ పని జరిగిందనడం కంటే తిరునాళ్ల జరిగిందనడం సబబు. చెడ్డవి ఆరూ పక్కకు పోయాయి. నిష్కారణంగా నిందపడ్డ ఐదూ తిరిగి వచ్చాయి. యార్డులోంచి ఇంకొకటి చేరింది. “జరుగు జరుగు” అని ఆడవాళ్లే డ్రమ్ములు దొర్లించారు. పన్నెండూ యాభై ఐదుకు దేవకి పెన్ను పరీక్షించకుండా సంతకం పెట్టింది. నాలుగు లారీలూ వరసగా గేటు దాటాయి.

నాయుడు తబస్సుమ్ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. “మూటకట్టేది ఏదో కోపంలో అంటి తల్లీ. నీ మిషను ఉండనీ. రత్నాన్ని ఎనిమిది రాయమని చెప్పు, సరిపోతాది.”

“ఆయన్ని మార్చడం మన వల్ల కాదు సార్. దీన్ని మార్చడం తేలిక,” అంది తబస్సుమ్, నన్ను తట్టి. మునిరత్నం అప్పటికే బ్రష్షు తీసుకుని లైను దగ్గరికి పోతున్నాడు.

నెల తర్వాత సరుకు క్షేమంగా చేరిందన్న కబురు, దాని వెనకే మిగతా ఆర్డరు వచ్చాయి. జూలై చివరిదాకా లైను ఆగలేదు.

ఇప్పుడు నాకు వయసైంది. నా ప్రతులు రాజమండ్రిలో బిస్కెట్లు లెక్కపెడుతున్నాయి, వరంగల్‌లో తివాచీలు చూసుకుంటున్నాయి. తబస్సుమ్ పెద్ద కంపెనీ పెట్టింది. ఆమె దగ్గర చేరే కొత్త ఇంజనీర్లు నన్ను శుభ్రం చేయడానికి మధ్య అంతస్తులోకి దిగుతుంటారు. అక్కడ, పన్నుల నియమాలకీ సెలవుల నియమాలకీ నడుమ, ఎవరికైనా ఒక అంకె పడకపోతే టిక్ పెట్టుకునే చిన్న గడి ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ‘మునిరత్నం’.

మొన్న ఒకమ్మాయి దాని పక్కన ప్రశ్న రాసి పెట్టింది. “ఇది దేనికో ఎవరికీ తెలియడం లేదు. తీసేయవచ్చా?”

గంటలోపే తబస్సుమ్ జవాబు వచ్చింది. “వద్దు. నలభై మూడు ఫ్యాక్టరీల్లో దానికి టిక్ పెట్టి ఉంది.”