పిన్ని వండిన ఎర్ర చేప

ఆ పడవలో అందరూ ఆవిణ్ణి పిన్ని అనే పిలిచేవారు. నిజానికి ఆవిడ పిన్ని అయ్యేది కెప్టెన్ ఒక్కడికే. అతను ఆవిడ అక్క కొడుకు. తల్లి పోయాక, పదకొండో ఏట నుంచి ఆవిడ చేతి అన్నం తినే పెరిగాడు. మూడేళ్ల కిందట పడవలో వంటవాడు కాలు విరగ్గొట్టుకుంటే, "నాలుగు రోజులు సాయం రా పిన్నీ, మనిషి దొరగ్గానే దింపేస్తాను" అని బతిమాలి ఎక్కించుకున్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. మనిషిని వెతకడం అతను మానేశాడు, దిగిపోతాననడం ఆవిడ మానేసింది.

వంటగది అంటే పడవ నడిపే చక్రం గది వెనక ఒక అర. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టుకోవాలి. గిన్నెలు జారిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీ ఉండేది. కాళ్లు ఎడంగా పెట్టి, తుంటిని బల్లకి ఆనించి, పడవ ఎటు ఒరిగితే అటు ఒరుగుతూ ఉల్లిపాయలు తరగడం ఆవిడకి రెండో నెలకే అలవాటైంది.

ఆవిడ కాక పడవలో నలుగురు. కెప్టెన్, వలలు చూసుకునే అన్నదమ్ములిద్దరు, ఇంజన్ మెకానిక్. అన్నదమ్ముల్ని పెద్దోడు, చిన్నోడు అనేవారు గానీ చిన్నోడికే నలభై దాటాయి. మెకానిక్ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ అతను గ్రీజు. గ్రీజుకీ పిన్నికీ క్షణం పడేది కాదు. ఆవిడ ఏం వండినా వంక పెట్టనిదే అతనికి ముద్ద దిగేది కాదు. అతను నోరు తెరిస్తే చాలు, ఆవిడ గరిటె పట్టుకుని యుద్ధానికి సిద్ధం.

ఆ ప్రయాణంలో వాళ్లకేం కలిసిరాలేదు. నాలుగు రోజులు వల వేసి లాగితే నాచు, గులకరాళ్లు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ పడలేదు. విసుగెత్తి కెప్టెన్ పడవని నీళ్ల అడుగున రాళ్ల దిబ్బలున్న చోటికి తిప్పాడు. అక్కడ వల వేస్తే చిరిగి పీలికలవుతుంది. అందుకని పొడుగాటి తాడుకి వరసగా గాలాలు కట్టి వదిలారు. ఐదో రోజు తెల్లవారాక తాడు లాగుతుంటే ఒక చోట బిగుసుకుపోయింది. రాయికి పట్టుకుందనుకున్నారు. ఇంతలో రాయి తిరిగి లాగింది.

ముగ్గురు కలిసి పైకి చేర్చారు. ఎర్రగా, ఒంటినిండా గోధుమరంగు చుక్కలతో, నిలబెడితే పిన్ని నడుము దాటేంత చేప. చిన్నోడు దాని పక్కన పడుకుని పొడవు కొలుచుకున్నాడు.

"దీన్ని అమ్మేది లేదు," అన్నాడు కెప్టెన్. "నాలుగు రోజులుగా బంగాళాదుంపలు తిని మొహాలు కూడా అలాగే తయారయ్యాయి. పిన్నీ, నీ చేతికి పని పడింది."

ఆవిడకి ముందు రోజు నుంచీ పన్ను నొప్పి. దవడ ఉబ్బి, లవంగం బుగ్గన పెట్టుకుని తిరుగుతోంది. అయినా అలాంటి చేపని చూశాక ఆవిడ నొప్పి మరిచిపోయింది. డెక్కు మీదే పొలుసు తీసింది. పొట్ట చీలిస్తే కార్జం అరచేయంత ఉంది, నిగనిగలాడుతోంది. కళ్లు తేటగా, మొప్పలు నెత్తురు రంగులో ఉన్నాయి. వాసన చూసింది. సముద్రపు వాసన తప్ప ఇంకేం లేదు. ఇంతకంటే తాజా చేప భూమ్మీద ఎవరికీ దొరకదనుకుంది.

ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, వెల్లుల్లి, మిరియాలు దండిగా దంచి వేసి, ముక్కలు విరగకుండా సన్నటి మంట మీద ఉడికించింది. కార్జాన్ని విడిగా దాని కొవ్వులోనే వేయించింది. ఆ ఘుమఘుమకి అన్నదమ్ములిద్దరూ చేతిలో పని వదిలేసి వంటగది గుమ్మంలో వేలాడారు.

తొమ్మిదింటికి అందరూ డెక్కు మీద కూర్చున్నారు. తల, కార్జం కెప్టెన్ పళ్లెంలో పెట్టింది.

"నీకు?"

"నమిలే యోగం లేదులే నాయనా. గంజి తాగుతాను. నా వాటా కూడా నువ్వే తిను."

గ్రీజు రెండు ముద్దలు తిని మూతి తిప్పాడు. "చేపని సముద్రంలోంచి తీసినప్పుడు చంపారనుకున్నాను. దీన్ని గిన్నెలోనే చంపినట్టున్నారు."

మామూలు రోజైతే ఆవిడ నాలుగు మాటలని ఊరుకునేది. పన్ను సలుపుతోంది, పైగా పొద్దుటి నుంచీ పడ్డ కష్టం. చివాలున లేచి అతని పళ్లెం లాక్కుంది. "నీ మొహానికి బంగాళాదుంపలే ఎక్కువ!" అని ఆ ముక్కలు తీసి చిన్నోడి పళ్లెంలో వేసింది. అందరూ పడీ పడీ నవ్వారు. గ్రీజు ముఖం మాడ్చుకుని ఇంజన్ గదిలోకి దిగిపోయాడు.

పన్నెండు దాటాక చిన్నోడు పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా సముద్రం మీద బతుకుతున్నవాడికి కొత్తగా సముద్రం పడకపోవడమేంటని అన్న ఎగతాళి చేశాడు. పావుగంట తిరక్కుండా అన్న కూడా తమ్ముడి పక్కకే చేరాడు. ఆ తర్వాత ఇద్దరూ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. పిన్ని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతుంటే చక్రం గదిలోంచి కెప్టెన్ పిలిచాడు.

అతని మొహం పాలిపోయి ఉంది. "పెదాలు తిమ్మిరెక్కాయి పిన్నీ. పళ్లన్నీ కదులుతున్నట్టున్నాయి, ముట్టుకుంటే ఊడొస్తాయేమో అనిపిస్తోంది. కాస్త చల్లటి నీళ్లివ్వు."

ఆవిడ మంచు పెట్టెలోంచి సీసా తీసి గ్లాసులో పోసి ఇచ్చింది. అతను ఒక్క గుక్క తాగి కేక పెట్టాడు. గ్లాసు విసిరికొట్టాడు.

"మరిగే నీళ్లిస్తావేంటి! నోరంతా కాలిపోయింది!"

సీసా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. దాని మీద చల్లటి చెమట పట్టి ఉంది. సీసా మూతి దగ్గర వేలు పెట్టి చూసుకుంది. వేలు జిల్లుమంది.

బయట చిన్నోడు తడి కమ్మీ మీద చెయ్యి వేసి, పెనం తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. "కాలుతోంది, కాలుతోంది" అంటున్నాడు. ఆవిడ వెళ్లి అదే కమ్మీని పట్టుకుంది. సముద్రపు నీళ్లు తగిలి చల్లగానే ఉంది.

ఆవిడ వంటగదిలోకి పరుగెత్తింది. ఉప్పు డబ్బా వాసన చూసింది. నూనె సీసా, మిరియాల పొట్లం, ఒక్కోటీ మూత తీసి నాలుక మీద వేసుకుని చూసింది. ఇంజన్ తుడిచే మందు పొరపాటున ఇటొచ్చిందేమోనని బల్ల కింద వెతికింది. ఏదీ తేడాగా లేదు. తొట్టిలో చేప వెన్నెముక మాత్రం శుభ్రంగా తెల్లగా పడి ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది. గ్రీజు. అతని నుదుటి మీద చెమటలు, కానీ నిలబడగలుగుతున్నాడు.

"అందులో ఏం వేశావు?"

"నేనేం వెయ్యలేదు... రోజూ వేసేవే..."

"నువ్వు తిన్నావా?"

"లేదు."

అతను ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో ఏముందో ఆవిడకి అర్థమైంది. పన్ను నొప్పి సంగతి చెబుదామనుకుంది. ఆ క్షణాన అది తనకే నమ్మదగ్గ మాటలా అనిపించలేదు.

చక్రం గదిలో దభీమని చప్పుడైంది. కెప్టెన్ కింద పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నోరు కదులుతోంది గానీ మాట ముద్దగా వస్తోంది. గ్రీజు చక్రం అందుకున్నాడు. "నాకు ఇంజనే తెలుసు, రేడియో తెలీదు," అన్నాడు.

రేడియో పిన్నికీ తెలియదు. కానీ మూడేళ్లుగా గోడ అవతల నుంచి కెప్టెన్ రోజుకి రెండుసార్లు మాట్లాడటం వింటూనే ఉంది. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. నొక్కింది. పడవ పేరు చెప్పింది. అవతల రేవులోంచి ఒక ఆడమనిషి గొంతు నింపాదిగా పలికింది.

"చెప్పండి, ఏమైంది?"

"అందరూ పడిపోయారమ్మా. చేప తిన్నారు. నేనే వండాను. నేనే..." మీట అలాగే నొక్కి పట్టుకుంది. గ్రీజు ఆవిడ వేళ్లు విడదీస్తే గానీ అవతలి మాట వినబడలేదు.

రేవులో వాళ్లు వెంటనే ఒక డాక్టరుని కలిపారు. ఆయన ఎంతమంది, ఎప్పుడు తిన్నారు, ఏ చేప, ఎక్కడ పట్టారు అని వరసగా అడిగాడు. ఆవిడ చెప్పింది.

"చల్లటి నీళ్లిస్తే ఏమంటున్నారు?"

ఆ మాట తను ఇంకా చెప్పనేలేదు. "కాలుతోందంటున్నారు. మీకెలా తెలుసు?"

"ఆ చేపలోనే విషం ఉందమ్మా. రాళ్ల దగ్గర తిరిగే పెద్ద చేపల్లో ఒక్కోసారి ఉంటుంది. సరే, తలా, కార్జం ఎవరైనా తిన్నారా? విషం అక్కడే ఎక్కువ చేరుతుంది."

ఆవిడ కాళ్ల దగ్గర పడి ఉన్న అక్క కొడుకుని చూసింది. డాక్టరు మళ్లీ అడిగాడు. గ్రీజు ఆవిడ చేతిలోంచి రేడియో తీసుకుని తనే జవాబు చెప్పాడు.

"కెప్టెన్ తిన్నాడు సార్."

అతని నాడి చూసి చెప్పమన్నాడు డాక్టరు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోదేమో అనిపించేంత ఎడం. నిమిషానికి ముప్పై ఎనిమిది.

"మందుతో పడవ బయల్దేరుతోంది," అన్నాడు డాక్టరు. "మీరూ ఎదురు రండి. వాళ్లకి చల్లటిదేదీ తగలనివ్వకండి. నాడి మాత్రం చూస్తూనే ఉండండి."

గ్రీజు గొడ్డలి తెచ్చి, మళ్లీ నీళ్లలోకి వదిలి ఉన్న గాలాల తాడు తెగ్గొట్టాడు. పడవని రేవు వైపు తిప్పి, "ఇటు రా" అని పిన్నిని చక్రం ముందు నిలబెట్టాడు. "ఈ దిక్సూచి ముల్లు ఈ అంకె మీంచి కదలకుండా చూసుకో. నేను కిందకెళ్లి ఇంజన్ సంగతి చూసొస్తాను."

"నా వల్ల కాదు."

"ఇంకెవరున్నారు?"

ఆవిడ పట్టుకుంది. పడవ కుడికి లాగితే ఎడమకి తిప్పింది, ఎడమకి పోతే కుడికి. అతను పైకొచ్చి చక్రం అందుకోగానే కింద కూర్చుని నాడి లెక్కపెట్టేది. ముప్పై తొమ్మిది. ముప్పై ఆరు. దుప్పట్లు తెచ్చి ముగ్గురికీ కప్పింది. చిన్నోడు ఏడుస్తున్నాడు. పెద్దోడు తమ్ముడి చెయ్యి వదల్లేదు. కెప్టెన్ ఒకసారి కళ్లు తిప్పి, "పిన్నీ, నువ్వు బానే ఉన్నావా?" అన్నాడు. ఆ మాటకి ఆవిడ లోపల ఏదో పుటుక్కున తెగింది. ఏడుపు రాలేదు.

రెండు గంటల తర్వాత తెల్లటి పడవ ఎదురొచ్చింది. అందులోంచి దూకిన నర్సు కెప్టెన్‌కి సూది వేసి, మణికట్టు పట్టుకుని కూర్చుంది. పిన్ని చక్రం దగ్గరే ఆమె పెదాల్నే చూస్తూ నిలబడింది. యాభై... యాభై ఎనిమిది... అప్పటికి గానీ ఆవిడ ప్రాణం కుదుటపడలేదు. కూర్చుందామని చూస్తే, తన వేళ్లు చక్రానికి బిగుసుకుపోయి ఉన్నాయి.

ఇంకా ఎండ ఉండగానే రేవు చేరారు. ఆస్పత్రి వరండాలో ఒక అధికారి ఆవిణ్ణి నాలుగు రకాలుగా ఒకటే అడిగాడు: మీరెందుకు తినలేదు? నాలుగోసారి అడిగినప్పుడు పక్క బెంచీ మీదున్న గ్రీజు లేచాడు.

"దవడ చూడండి సార్, ఎలా ఉబ్బిందో. నేనూ రెండు ముద్దలకి మించి తినలేదు. నా పళ్లెం ఆవిడే లాక్కుంది. చంపాలనుకున్న మనిషైతే మొట్టమొదట నాకే పెట్టేది."

అధికారి నవ్వాపుకుని కాగితం మడిచాడు. పిన్నికి నవ్వు రాలేదు. గ్రీజు తన వైపు మాట్లాడటం కూడా ఆ రోజు తలకెక్కని సంగతుల్లో ఒకటైపోయింది.

తర్వాత డాక్టరు వివరంగా చెప్పాడు. రాళ్ల మీద పెరిగే నాచులాంటి దాంట్లో విషం పుడుతుంది. దాన్ని చిన్న చేప తింటుంది, చిన్న చేపని పెద్ద చేప తింటుంది, అలా పేరుకుంటుంది. రుచి మారదు, వాసన రాదు, ఎంత మరిగించినా పోదు. "ఎంత చెయ్యి తిరిగిన వంటమనిషైనా కనిపెట్టలేరమ్మా. మీ తప్పేమీ లేదు," అన్నాడు. ఆవిడ తలూపింది. మాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి దిగలేదు.

అన్నదమ్ములు మూడో రోజుకి లేచి తిరిగారు. కెప్టెన్ తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాడు. ఆవిడ మంచం పక్కనే కూర్చునేది, మాట్లాడేది కాదు. పదో రోజు పొద్దున్నే హఠాత్తుగా అంది.

"అందరికంటే నిన్ను ఎక్కువ చూసుకోవాలనుకున్నాను. అందుకే నీకు అందరికంటే ఎక్కువ పెట్టాను."

అతను ఆవిడ వైపు తల తిప్పాడు. "నా పదకొండో ఏట నుంచీ అదే పని చేస్తున్నావు కదా పిన్నీ. మిగతా రోజులన్నీ ఎక్కడికి పోయాయి?"

ఆవిడ అప్పుడు ఏడ్చింది. వార్డులో వాళ్లంతా తిరిగి చూసేలా ఏడ్చింది. అతను లేవలేక, పడుకునే ఆవిడ చెంగు పట్టుకున్నాడు.

నాలుగు నెలలకి పడవ మళ్లీ కదిలింది. కెప్టెన్ ఇంకా వేళ్లకి తొడుగులు వేసుకోకుండా మంచు ముట్టుకోలేడు. వంటకి వేరే మనిషిని చూసుకోమని పిన్ని పట్టుబట్టింది. ఎవరూ వినలేదు. చివరికి ఒక్క షరతు మీద ఎక్కింది: జానెడు మించిన చేప తన గది గుమ్మం దాటకూడదు. బయల్దేరిన రోజు చిన్న చేపలు కడిగి వేయించి, వడ్డించి, గుమ్మంలో నిలబడింది. నలుగురూ తింటున్నారు. ఒకడు దగ్గితే ఆవిడ ఊపిరి ఆగింది. ఇంకొకడు మూతి తుడుచుకుంటే ఆవిడ చెయ్యి తలుపు కమ్మీని బిగించి పట్టుకుంది. తిని లేచి ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం గడియారం వైపు చూస్తూ, మూడు గంటలు గడిచేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.