ముందు నంబర్, తర్వాత మాట

ఇంత చిన్న బొత్తాం ఎవరైనా కుడతారా, అందులోనూ చేతులు వణికే మనిషికి, రెండు వేళ్ళు పట్టని లోపలి జేబుకి, మా ఆవిడ కుట్టింది కాబట్టి ఆలోచించే కుట్టి ఉంటుంది, పరుగెత్తేటప్పుడు మాత్రలు జారిపోకూడదని, జారిపోలేదు నిజమే, బయటికీ రావడం లేదు, ఇవి నా వేళ్ళేనా, పొద్దుటి నుంచి పద్నాలుగు కళ్ళజోళ్ళకి అద్దాలు బిగించిన వేళ్ళు, వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే వేళ్ళు, ఒక చొక్కా బొత్తాం ముందు చేతులెత్తేశాయి, మెడ వెనక చెమట చల్లగా దిగుతోంది, పరుగు చెమట వేడిగా ఉంటుంది, ఇది అది కాదు, ఇది నాకు బాగా తెలిసిన చెమట, ఒళ్ళో షుగర్ మీటర్ యాభై నాలుగు అంటోంది, డెబ్భైకి కింద ఉంటే ముందు తీపి తినండి, ఆలోచనలు తర్వాత, అని డాక్టరు చెప్పి పందొమ్మిదేళ్ళయింది, నేనేమో బొత్తాం గురించి ఆలోచిస్తున్నాను, పళ్ళతో లాగెయ్, లాగెయ్, తెగింది, దారం పంటికింద ఇరుక్కుంది, గ్లూకోజ్ మాత్రలు, ఒకటి, నిమ్మకాయ వాసన, రెండు, సుద్దముక్క నమిలినట్టు, మూడు, నాలుగు, ఇక పదిహేను నిమిషాలు, ఇప్పుడు అయిదూ పది, అయిదూ పాతిక్కి మళ్ళీ వేలు పొడుచుకోవాలి, అంతవరకు ఈ బెంచీ మీంచి లేవకూడదు, బొత్తాం తెంపానని తెలిస్తే తిడుతుంది, తిట్టదు, ఇవాళ తిట్టడానికి కూడా మాట్లాడదు.

ఏడో నంబర్ ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరవలసిన బస్సు పది నిమిషాలు ఆలస్యం, అసౌకర్యానికి చింతిస్తున్నాము, ఈ మైదానం గోడకి అవతల బస్టాండు, బస్టాండు మైకులో మా ఆవిడ, ఎప్పుడూ ఉండే గొంతే, తొణకని గొంతు, పొద్దున ఏమీ జరగనట్టే ఉంది, కాదు, చింతిస్తున్నాము దగ్గర ముక్కు పట్టేసినట్టు ఉంది, ఏడ్చిందా, తను నడపని బస్సులకి రోజుకి నలభైసార్లు ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర చింతిస్తుంది, నేను ఇంట్లో ఒక్కసారి, ఒక్కసారైనా, ఏమన్నాను పొద్దున, నిన్ను పెళ్ళి చేసుకున్నానా నర్సుని పెట్టుకున్నానా, అన్నాను, ఒక చొక్కా జేబు కోసం, ఆ జేబు మీద ఎర్రదారంతో అక్షరాలు కుట్టినందుకు, షుగర్ ఉంది, తేడాగా కనిపిస్తే తీపి పెట్టండి అని, నిన్న షాపులో చొక్కా మార్చుకుంటుంటే ఓనర్ చూసి గిరాకీల ముందు పైకి చదివాడు, ఏవయ్యా నీకు తీపి పెట్టాలటగా అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వి ఇంటికి మోసుకొచ్చి పొద్దున తన మీద దించాను, తప్పు నాదే, ఆ కోపంతోనే మధ్యాహ్నం ఇన్సులిన్ మాత్రం పూర్తిగా పొడుచుకుని బాక్సులో అన్నం సగం వదిలేశాను, ఆ కోపంతోనే అయిదు రౌండ్ల బదులు ఎనిమిది పరుగెత్తాను, ఎవరి మీద పంతం, చిన్నపిల్లాడివా, యాభై నాలుగు రాకేం చేస్తుంది.

ఎదురుగా స్కోరు బోర్డు మీద అంకెలు రెండేసి కనిపిస్తున్నాయి, ఇప్పుడే వెళ్ళి చెప్పాలి, గేటు దాటితే బస్టాండు, అద్దాల గదికి చిన్న కిటికీ, దానిలోంచి తల దూర్చి పొద్దున నేనన్నది తప్పు అని చెప్పాలి, కళ్ళు మండుతున్నాయి, ఆగు, ఇది నువ్వేనా, షుగరా, షుగర్ పడిపోయినప్పుడు నాకు ఏడుపొస్తుంది, ప్రతిదానికీ వస్తుంది, ఒకసారి పప్పుల డబ్బా మూత దొరకలేదని ఏడ్చాను, ఈ స్థితిలో చెప్తే లెక్కలోకి రాదు, మా ఇంట్లో చట్టమే అది, ముందు నంబర్, తర్వాత మాట, నేను గొంతు పెంచితే తను ఎదురు మాట్లాడదు, మీటర్ తెచ్చి ముందు పెడుతుంది, డెబ్భైకి కింద వస్తే జ్యూస్, అప్పుడన్న మాటలన్నీ మాఫీ, అన్నది షుగర్, ఈయన కాదు, అంటుంది, చట్టం అమ్మాయికి కూడా వంటబట్టింది, మార్కులేంటే ఇలా వచ్చాయి అంటే, నాన్నా ముందు నంబర్ చూసుకో, అని చక్కా పోతుంది, పొద్దున కూడా తను అలవాటు కొద్దీ జ్యూస్ గ్లాసులో పోసి పక్కన పెట్టుకుని మీటర్ నా ముందు పెట్టింది, నూట పద్దెనిమిది వచ్చింది, నిక్షేపంలాంటి నంబర్, తను దాన్ని చూసింది, నన్ను చూసింది, గ్లాసులో జ్యూస్ చుక్క కింద పడకుండా మళ్ళీ సీసాలో పోసింది, బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కొళాయి తిప్పి ఉంచింది, నూట పద్దెనిమిదిలో అన్నానంటే ఆ మాట నాది, అచ్చంగా నాది, కాబట్టి క్షమించమని అడగడం కూడా మంచి నంబర్‌లోనే అడగాలి, లేకపోతే దాన్నీ షుగర్ ఖాతాలో వేస్తుంది, ఆగు, ఇంకా ఆరు నిమిషాలు.

ఏమయింది బాబూ, అంటోంది ఎవరో, రోజూ చేతికర్రతో నడిచే పెద్దావిడ, ఏం లేదమ్మా అనబోయాను, నాలుక మందంగా తిరిగింది, ఆవిడ నా చొక్కా వైపు వంగింది, జేబు లోపలిది బయటికి వేలాడుతోంది, ఎర్ర అక్షరాలు, కూడబలుక్కుని చదివింది, తీపి తిన్నావా మరి, తిన్నానమ్మా, ఎవరు కుట్టారయ్యా, గుండ్రంగా ఎంత బాగున్నాయి అక్షరాలు, మా ఆవిడ, నేనూ మా ఆయనకి ఒకటి కుట్టాలి, చెవులు వినపడవు, కాస్త గట్టిగా తిట్టండి అని, అని తనే నవ్వుకుని, పక్కన కాసేపు కూర్చోనా అంది, వద్దమ్మా తగ్గుతోంది అన్నాను, అయినా నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది, ఇంకో నాలుగు వేసి మళ్ళీ చూసింది, నిన్న నలుగురు నవ్విన మాటని ఇవాళ ఒకరు చదివి సరిగ్గా అడగాల్సిందే అడిగారు, తను ఇందుకే కుట్టింది, ఇదిగో ఇందుకే.

అయిదూ పాతిక, వేలు పొడిచాను, రక్తపు చుక్క, పేపరు ముక్క దాన్ని పీల్చుకుంది, అరవై ఆరు, ఛ, ఇంకో నాలుగు మాత్రలు, ఇంకో పదిహేను నిమిషాలు, అయిదూ నలభై, చెమట మాత్రం ఆరుతోంది, స్కోరు బోర్డు మీద అంకెలు ఒకదానిలోకి ఒకటి వచ్చేశాయి, పదకొండో నంబర్ బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, ఈ గొంతుకే రెండేళ్ళ క్రితం ప్రమోషన్ వచ్చింది, మొత్తం అనౌన్సర్లందరి మీదా పెద్ద, స్వీట్లు పట్టుకుని వచ్చింది, నేనేమన్నాను, మైకులో అరవడానికి కూడా ప్రమోషనా, అన్నాను, నాకు ఆ ఏడాది జీతం పెరగలేదు, అదీ అసలు సంగతి, తన మొహం చూసి నాకే భయమేసింది, మీటర్ నేనే తీసుకున్నాను, తనకి కనిపించకుండా తిప్పి పట్టుకున్నాను, నూట పన్నెండు ఉంది, యాభై ఎనిమిది అన్నాను, నోరు తిరగలేదేమో అనుకునేలా కాస్త తడబడి మరీ అన్నాను, సిగ్గులేని వెధవని, తను జ్యూస్ తెచ్చింది, అక్కర్లేని జ్యూస్ గ్లాసుడూ తాగాను, నా వీపు మీద చెయ్యేసి పదిహేను నిమిషాలూ కదలకుండా కూర్చుంది, ఆ తర్వాత షుగర్ ఆకాశానికి ఎక్కి తల పగిలిపోతుంటే చెప్పుకోలేక చచ్చాను, ఆ అబద్ధం నాకూ మీటర్‌కీ తప్ప ఎవరికీ, ఎవరికీ, ఆగు.

మీటర్‌కి. మీటర్ అన్నీ దాచుకుంటుంది, తేదీ, గంట, నిమిషం, అన్నీ, ప్రతి ఆదివారం వాటిని చూసి నోటుపుస్తకంలో ఎక్కించేది ఎవరు, నా రాత కోడి కెలికినట్టుందని డాక్టరు విసుక్కుంటే నేను రాస్తాలెండి అన్నది ఎవరు, ఆ ఆదివారం తను కళ్ళజోడు పెట్టుకుని, నేనే బిగించిన అద్దాల్లోంచి చూసి, ఆ సాయంత్రం దగ్గరికి వచ్చి, నూట పన్నెండు అని తన చేత్తో రాసే ఉంటుంది, యాభై ఎనిమిది ఎక్కడా లేదు, దాని కింద రెండువందల ముప్ఫై ఉంటుంది, అది కూడా రాసే ఉంటుంది, ఇంత తేలిక సంగతి రెండేళ్ళుగా నా బుర్రకి ఎందుకు తట్టలేదు, తనకి తెలుసు, మొదటి వారమే తెలుసు, తెలిసీ ఆ సోమవారం కూడా బాక్సు కట్టింది.

ప్రయాణికులకు గమనిక, అంటోంది వేరే గొంతు, పడుచుగొంతు, అయిదున్నరకి డ్యూటీ మారింది, అయితే తను బయలుదేరి ఉంటుంది, ఏ బస్సో ఎక్కి ఇంటికి పోతుంది, పోవడమే న్యాయం, కాదు, గేటు దగ్గర అది తన నడకే, ఎడమ భుజానికి సంచి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని బెంచీలన్నీ వెతుక్కుంటూ వస్తోంది, రోజూ నేను ఇక్కడే కూర్చుంటాను కాబట్టి ఇవాళ కూడా వచ్చింది, దగ్గరికొచ్చి నా మొహం చూసింది, వేలాడే జేబు చూసింది, ఎంత, అంది, అరవై ఆరు, అంతకుముందు యాభై నాలుగు, ఇంకా తొమ్మిది నిమిషాలుంది, బాక్సు తినలేదా, సగం, ఇన్సులిన్, మొత్తం, ఎన్ని రౌండ్లు, ఎనిమిది, బాగుంది సంబడం, అంది, పక్కన కూర్చుని సంచిలోంచి బిస్కెట్లు తీసింది, నంబర్ ఎక్కాక ఇవి తినండి, మాత్రలతో నిలబడదు, పరుగెత్తారుగా, పడుకునేముందు కూడా చూసుకోవాలి, అని గడియారం వైపే చూస్తోంది, నా వైపు కాదు, నీకో మాట చెప్పాలి, అన్నాను, నంబర్ రానివ్వండి, చట్టం చట్టమే, అంది, పెదవి కొస కాస్త వంగింది, ఇంకా కోపంగానే ఉంది, నీ ప్రమోషన్ రోజు యాభై ఎనిమిది కాదు, అన్నాను, నూట పన్నెండు, అంది వెంటనే, నేనేగా రాసుకున్నది, మరి అడగలేదేం, అంటే బిస్కెట్ల ప్యాకెట్ అంచు నలుపుతూ, ఏమడగను, అంది, అబద్ధం చెప్పైనా సరే ఆ మాట మీది కాదనిపించుకోవాలని చూశారు, అక్కర్లేని జ్యూస్ కూడా తాగారు, పోనీలే, అన్నందుకు సిగ్గుపడ్డారు అనుకున్నాను, పొద్దున అదీ లేదు, నంబర్ చూసి కూడా లేచి వెళ్ళిపోయారు, అంది.

ఆరు నిమిషాలు, తను గడియారం చూస్తూనే ఉంది, యాభై నాలుగులో అన్నవీ, నూట పద్దెనిమిదిలో అన్నవీ, అన్నీ ఈ ఒక్క నోటి నుంచే వచ్చాయి, అన్నీ ఆ రెండు చెవుల్లోనే పడ్డాయి, మాఫీ చట్టం తను పెట్టింది నా కోసం, నన్ను నేను అసహ్యించుకోకుండా, షుగర్ అన్న మాటలైనా సరే, పందొమ్మిదేళ్ళుగా వాటికి ఎవరూ తనని క్షమించమని అడగలేదు, షుగర్ ఎలాగూ అడగదు, అడగాల్సింది నేను, ఈ ఒక్క మాటకి డెబ్భై దాటనక్కర్లేదు, మీటర్ సంచిలో పెట్టేసి, పొద్దున అన్నదానికీ, అన్నిటికీ, నన్ను క్షమించు, అన్నాను, ఇంకా అయిదు నిమిషాలుంది, ఉండనీ.