ఒట్టి పిలుపు

"నాన్న పేరు చక్కగా చెప్పావు. మరి మీ అమ్మ ఆయన్ని ఏమని పిలుస్తుంది?" అని బడి ప్రవేశ పరీక్షలో హెడ్ మేడం బెంగాలీలో అడిగింది. పిల్ల భయం తీర్చడానికే అడిగింది పాపం.

"మామా అని" అంది ఆరేళ్ల విజయ కుమారి, టకామని.

బల్ల దగ్గరి గుమాస్తా కిసుక్కున నవ్వాడు. బెంగాలీ వాళ్లకు మామ అంటే తల్లి తోడబుట్టినవాడే, మరొకడు కాడు. మేడం కలం ఆగిపోయింది. పిల్ల తల్లి రోజమ్మ వైపు తిరిగి హిందీలో అడిగింది.

"ఒట్టి పిలుపేనా? నిజంగా మీ అమ్మ తమ్ముడా? అలాంటి పెళ్లి మా చర్చి సంఘం ఒప్పుకోదు, ఆ ఇంటి పిల్లను బళ్లో చేర్చుకోదు. బయట కూర్చుని ఆలోచించుకుని చెప్పు."

పొద్దున్నే ఖిదిర్‌పూర్ రేవుపేట నుంచి పనులు మానుకుని వచ్చిన మనిషి, పిల్లను పట్టుకుని వరండాలో కూలబడింది. సర్కారు బళ్లో ఐదో తరగతి దాటితే గాని ఇంగ్లీషు ముక్క చెప్పరు. తనలా అంట్లు తోమే బతుకు పిల్లకు వద్దనే కదా ఈ మిషన్ బడి గుమ్మం ఎక్కింది!

అక్కడ ఆయాగా ఉన్న తవిటమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఒట్టి పిలుపనీసీ, ఒలే! మన ఆడోళ్లందరూ మొగుణ్ణి మామనే గదా పిలుస్తారు. ఆ మాటంటే నీ నాలిక అరిగిపోద్దేటి?"

నిజమే. కాని మొగుడు ఎలీయాజరు రోజమ్మ తల్లికి సొంత తమ్ముడు. రేవులో బస్తాలు మోస్తాడు. తాగడు, కొట్టడు, మంచివాడే. అయినా చిన్నప్పుడు భుజాన ఎక్కించుకు తిప్పిన మనిషి పక్కన, బడి మానిపించి, పదిహేనేళ్లకు చర్చిలో నిలబెట్టారు. పాదిరిగారు "ఇష్టమేనా అమ్మా?" అంటే, వెనక నుంచి తల్లి "ఊ" అంది. ఆ ఊ తోనే పెళ్లయిపోయింది.

"మళ్లీ అడిగితే, ఒట్టి పిలుపని చెప్పు" అంది రోజమ్మ కూతురితో.

"మరి అమ్మమ్మ నాన్నని తమ్ముడూ అంటాది గదమ్మా?"

"నోరుమూసుకుని ఊ అను!"

అన్నాక గాని ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియలేదు. అచ్చం తన తల్లిదే. పిల్ల బిక్కమొహం వేసి, బుద్ధిగా "ఊ" అంది.

ఆ ఊ విని రోజమ్మ లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. "ఏటి సేస్తన్నావే?" అని తవిటమ్మ కొంగు పట్టుకున్నా ఆగలేదు.

"దీదీ, ఒట్టి పిలుపు గాదు" అంది, వచ్చీరాని హిందీలో. "మా అమ్మ తమ్ముడే. ఆనాడు నాకిష్టమేనా అని మీ పాదిరే అడిగాడు, మా అమ్మ ఊ అనీసింది. మీ పాదిరే పెళ్లి సేసాడు. నా పిల్ల సేత మాత్రం నాను ఊ అనిపించను."

మేడం కలానికి మూత పెట్టింది. గుమాస్తా ఇంకొకరి పేరు పిలిచాడు.

పరీక్ష ఇంకా కాలేదనుకుంది విజయ కుమారి. చేతులు కట్టుకుని, బల్ల ముందు నిటారుగా నిలబడి, ఎవరూ అడగకుండానే బెంగాలీ అంకెలు మొదలుపెట్టింది.

"ఏక్, దుయ్, తిన్, చార్..."