జమ్మలమడుగులో ఆగే కారు

మా ఆయన మనోహర్ కారు కొన్నాడంటే ప్రొద్దుటూరులో అందరూ సంతోషించారు. దాంట్లో రెండే సీట్లని తెలిశాక నన్ను చూసి జాలిపడ్డారు. బట్టల కొట్టు నడుపుకునేవాడు, ఇంట్లో తల్లి, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్నవాడు, బెంగళూరులో ఎవరో మోజు తీరి వదిలించుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారును నెత్తినెక్కించుకున్నాడు. నెత్తినెక్కించుకున్నాడు గానీ, అది మాత్రం నేలకు జానెడు ఎత్తు కూడా లేదు.

దాన్ని కొట్లోని కొత్త పంచెలతో తుడిచేవాడు. నా మొహం అంత శ్రద్ధగా ఏనాడూ చూడలేదంటే, "నీకు ఆ షైనింగ్ యాడుంది?" అన్నాడు. ఆ మధ్యాహ్నం కొట్టుకు క్యారియర్ పంపలేదు నేను.

వానొస్తే స్టార్టు కాదు. ఎండొస్తే ఏసీ రాదు. ఎలుక వైరు కొరికితే సామాను బెంగళూరు నుంచి రావాలి. ఊళ్ళో దాని మీద చెయ్యి వేయడానికి ఒప్పుకున్న మెకానిక్కు ఖాజా ఒక్కడే. కువైట్‌లో ఇట్లాంటి కార్ల మధ్యనే బతికానన్నాడు. అక్కడ అతను నడిపింది నీళ్ళ ట్యాంకరని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇవన్నీ చూసి మా అత్త కృష్ణవేణమ్మ ఒకనాడు తీర్పు చెప్పింది.

"మనింటికి ఏ బండి వచ్చినా మొదట నన్ను ఎక్కించుకొని జమ్మలమడుగు స్వామి గుడికి పోవాల. స్కూటర్ పోయింది, లగేజీ ఆటో పోయింది. ఇదీ పోయి రానీ. యాడన్నా మొరాయించి ఆగిందంటే మర్నాడే అమ్మేయాల. నువ్వు నా మీద ఒట్టెయ్యి."

మా ఆయన ఒట్టు వేశాడు. వేసిన తర్వాత రాత్రంతా ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు. నాకైతే లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కారు పోతే నా మొగుడు నాకు తిరిగొస్తాడు.

జమ్మలమడుగులో ఇంకో చిక్కు ఉంది. మా అత్త చెల్లెలు చెంచులక్ష్మమ్మ ఉండేది అక్కడే. ఆరేళ్ళ కింద ఆమె కూతురి పెళ్ళిలో మా అత్తను భోజనాల బంతికి ఎవరూ పిలవలేదు. అందరూ తిన్నారు. మా అత్త కుర్చీలో కూర్చొని ఎదురుచూసి, తినకుండా బస్సెక్కి వచ్చేసింది. "తోడబుట్టినదానికి పిలుపేంది, వచ్చి కూర్చుంటే సరిపాయ గదా" అని చెల్లెలు అందట. "అది నోరారా పిలిచేదాకా ఆ వీధిలో కాలు పెట్టను" అని ఈమె అంది. అంతే, ఆరేళ్ళు. పండగ పూట పూర్ణాలు చేసేటప్పుడు మాత్రం మా అత్త "మా చెంచుకు ఇష్టం" అంటుంది, వెంటనే మూతి బిగించుకుంటుంది.

శనివారం పొద్దున బయలుదేరాం. కార్లో తల్లీ కొడుకూ. వెనక నా స్కూటీ, కాళ్ళ దగ్గర దిష్టి గుమ్మడికాయ. నా వెనక బైకు మీద ఖాజా, జాకీ, రెండు చెక్క పలకలు. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా కారు ఆగుతుంది, ఖాజా దిగి పలకలు పరుస్తాడు, కారు పలకల మీదుగా పాక్కుంటూ పోతుంది, ఖాజా పలకలు ఎత్తుకుంటాడు. దారిలో ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటిపోయింది.

అయినా జమ్మలమడుగు చేరాం. అక్కడ పైపుల కోసం పెద్దరోడ్డు తవ్వి పెట్టారు. గుడికి మిగిలిన దారి ఒక్కటే, చెంచులక్ష్మమ్మ వీధి. ఆమె వాకిలి ముందే స్పీడుబ్రేకరు. ఖాజా పలకలు తియ్యబోయాడు.

"ఈడ ఆపొద్దు" అంది మా అత్త, కొంగు తల మీదికి లాక్కొని. "పలకలు గిలకలు వద్దు. దాని ఇంటి ముందర ఆపినావంటే నేను నీ తల్లినే కాదు."

మా ఆయన ఆపలేదు. కారు రయ్యిన ఎక్కింది, గర్రుమంటూ పొట్ట ఆనించి కూర్చుంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు. స్టీరింగు మీద తల పెట్టుకున్న మా ఆయన్ని చూసి, అమ్మయ్య అనుకున్న నాకే జాలేసింది.

"బరువు తగ్గితేనే జరుగుతాది. పెద్దమ్మ దిగాల" అన్నాడు ఖాజా.

"దిగను" అంది మా అత్త. దిగాలన్నా దిగలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆ సీట్లోకి దించడానికే పొద్దున ముగ్గురం పట్టాం.

చప్పుడుకు చెంచులక్ష్మమ్మ బయటికి వచ్చింది. కారు దగ్గరికి వచ్చి, లోపల ఎవరో కనపడక నడుము వంచి చూసింది. అక్కాచెల్లెళ్ళ మొహాలు ఎదురెదురుగా పడ్డాయి. ఎక్కువసేపు వంగలేక ఆమె మెల్లగా రోడ్డు మీదే చతికిలబడింది.

"ఏందక్కా, ఈ తొట్లో కూర్చున్నావు?"

"నేను ఎవరింటికీ రాలేదు. గుడికి పోతాండా."

"యాడ పోతాండావు? నిలబడిపోయినావు గదా."

"కారు నిలబడింది. నేను పోతాండా."

నాకు నవ్వాగక గుమ్మడికాయ వైపు తిరిగాను.

చెంచులక్ష్మమ్మ కారు తలుపు మీద చెయ్యి వేసింది. "నువ్వు తినకుండా పోయినావని నాకు మర్నాడు తెలిసె అక్కా. అప్పటినుంచి ఎవరి పెండ్లికి పోయినా నేను బంతిలో కూర్చోలేదు. ముద్ద దిగదు. ఫోన్ చేద్దామంటే నువ్వు తిడతావని భయం."

మా అత్త ముందు అద్దంలోకే చూస్తోంది.

"అన్నానికి రా అక్కా. నేను పిలుస్తాండా. వీధంతా విననీ, రా."

మా అత్త కొంగు వెనక్కి తోసి చెల్లెలి వైపు తిరిగింది. "ఏం వండినావు?"

"సంగటి, వంకాయ పులుసు."

"నెయ్యి ఉందా?"

"శానా ఉంది."

"అయితే చెయ్యియ్యి."

చెల్లెలు చెయ్యి ఇచ్చింది. అయితే ఈమె సీట్లోంచి లేవలేదు, ఆమె నేల మీంచి లేవలేదు. ఒకరినొకరు పట్టుకొని లాక్కుంటూ, తిట్టుకుంటూ, ఇద్దరూ ఏడుస్తున్నారు. చివరికి ఒకరిని నేను, ఒకరిని మా ఆయన లేపాం. మా అత్త దిగగానే వీధివాళ్ళు నాలుగు చేతులు వేశారు, కారు తేలిగ్గా జారి అవతల పడింది. ఆరోజు అన్నాలు తిని, చెల్లెలి భుజం పట్టుకొని మా అత్త, వెనక మేము, గుడికి నడిచే పోయాం.

మర్నాడు పొద్దున మా ఆయన తాళాలు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఒట్టు ఒట్టే గదా. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎందుకురా అమ్మేది?" అంది మా అత్త. "వచ్చే శనివారం మళ్ళా పోవాల గుడికి."

మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. శుక్రవారం ఖాజాను పిలిపించాడు. ఖాజా కారు కింద దూరి, బయటికొచ్చి, స్ప్రింగుల కింద ముక్కలు పెట్టి కారు ఎత్తు పెంచుతానన్నాడు. "అప్పుడు ఏ బ్రేకరు మీదా ఆగదు పెద్దమ్మా."

మా అత్త అతన్ని గుడ్లురిమి చూసింది.

"దాని జోలికి పోయినావంటే చూడు. ఎత్తు పెంచితే మా చెంచు ఇంటి ముందర ఎట్ల ఆగుతుంది? ఆగకపోతే అది నన్నెట్ల పిలుస్తుంది?"

ఖాజా జాకీ దించేశాడు. నేను వంటింట్లోకి పోయి పూర్ణాలకు పప్పు నానబెట్టాను.