ఇర్మా కుట్టిన గోతాలు

ఆస్పత్రికి బయలుదేరేటప్పుడు కూడా ఇర్మా తన భర్త రోజేర్ కోటు దులపడం మానలేదు. వెనక వరండాలో మేకుకు వేలాడే బట్టల బ్రష్షు తీసుకుని, ఆయాసంతో ఆగి ఆగి, భుజాల నుంచి కిందికి దులిపింది. రోజేర్ రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, గనిలో పనిచేసినన్నాళ్లూ అతని బట్టలకు అంటిన తెల్లటి దుమ్మును రోజూ సాయంత్రం ఇలాగే వదిలించేది. గని మూతపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు.

"చాల్లే ఇర్మా, ఆయాసపడకు."

"ఇలాగే వస్తావా క్యూబెక్ పట్నానికి? నవ్విపోతారు."

ఆమె కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతోంది. రెండుసార్లు సూదితో తీసి పరీక్షించినా కారణం దొరకలేదు. ఇవాళ పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి, కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో లోపలి పొరను నేరుగా చూస్తామనీ, అనుమానం వచ్చిన చోట చిన్న ముక్క తుంచి పరీక్షకు పంపుతామనీ ఆస్పత్రి చేరాక డాక్టర్ బెలాంజే చెప్పింది.

"మీరెప్పుడైనా రాతినార దుమ్ములో పనిచేశారా అమ్మా?"

"నేనా? ఇంటిపని తప్ప నాకేం తెలుసు? గనిలో చేసింది ఈయన."

డాక్టరు రోజేర్ వైపు చూసింది. మామూలుగానే చూసిందేమో, అతనికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఇర్మాను లోపలికి తీసుకెళ్లారు. బయట అతని చేతిలో కాఫీ చల్లారిపోయింది. గనివాళ్ల పరీక్షలకు తను వెళ్లినప్పుడల్లా ఇర్మా ఇలాగే బయట కూచునేది. ప్రతిసారీ నీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయనే చెప్పారు. మరి ఆ దుమ్మంతా ఎవరి లోపలికి పోయినట్టు? దేవుడా, క్షయ అయినా ఫరవాలేదు, దానికి మందులున్నాయి, ఆ దుమ్ము తెచ్చే క్యాన్సర్ మాత్రం కాకూడదు అనుకున్నాడు.

అతన్ని పిలిచేసరికి ఇర్మా పక్కటెముకల మధ్య గొట్టంతో, సగం మత్తులో పడుకుని ఉంది.

"పొర మీద తెల్లటి బొడిపెలు కనిపించాయి. ముక్కల ఫలితం వస్తేగాని ఖాయంగా చెప్పలేను," అంది డాక్టరు మెల్లగా.

"దుమ్మేనా?" అన్నాడు రోజేర్.

డాక్టరు నోరు తెరిచేలోపే ఇర్మా కళ్లు తెరిచింది. "డాక్టరమ్మా, పొద్దున ఒకటి మరిచాను. పెళ్లికి ముందు మా అమ్మతో కలిసి రాతినార నింపే పాత గని గోతాలు కుట్టేదాన్ని. వంటిల్లంతా దుమ్మే. రాసుకోండి." తర్వాత భర్త వైపు తిరిగింది. "మొహం అలా పెట్టకయ్యా. అది నీ దుమ్ము కాదు, నాదే."

రోజేర్ తేలికపడ్డాడు. భార్య మంచం మీద ఉండగా తేలికపడ్డందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఫలితం వచ్చింది. భయపడిందే అయింది. మంచు కరిగే రోజుల్లో ఒక తెల్లవారుజామున ఇర్మా నిద్రలోనే పోయింది.

సమాధి చేసి వచ్చాక, ఇర్మా అక్క జెర్మెన్ వంటింట్లో అందరికీ సూప్ వడ్డిస్తోంది.

"ఆ గోతాలే దాన్ని పొట్టన పెట్టుకున్నాయి, వదినా," అన్నాడు రోజేర్.

"ఏ గోతాలు?"

"పెళ్లికి ముందు మీ అమ్మతో కలిసి కుట్టినవి."

జెర్మెన్ గరిటె ఆపింది. "ఎవరు చెప్పారు నీకు? మా అమ్మ గని గోతాన్ని గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు."

రోజేర్ లేచి వెనక వరండాలోకి వెళ్లాడు. బట్టల బ్రష్షు మేకుకు అలాగే వేలాడుతోంది. దాని చెక్కపిడి, ఇర్మా బొటనవేలు ఆనేచోట, నున్నగా అరిగిపోయి ఉంది.