అరికాలి మంట

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడని అందరూ బ్రేకు మేడమ్ అనేవారు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయినప్పుడల్లా, తన సీటు ముందు అమర్చిన రెండో బ్రేకు మీద కాలు వేసి కారుని నిలబెట్టేది. "ఊపిరి తీసుకోండి, ఎవరూ చావలేదు" అనేది. పంతొమ్మిదేళ్ళుగా అదే సీటు, అదే మాట. అన్నేళ్ళలో ఆవిడ కారు ఒక్క కుక్కపిల్లని కూడా తాకలేదు.

యాభై నాలుగో ఏట ఆ కాలే ఆవిడకి ఎదురుతిరిగింది.

షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. మొదట బొటనవేళ్ళ చివర తిమ్మిరిలా ఉండేది. కూర్చున్న తీరువల్ల అనుకుంది. తర్వాత అది మంట అయింది. కాలిన పెనం మీద నిలబెట్టినట్టు ఒకటే మంట, మధ్యమధ్యలో ఎవరో సూదితో ఒక్క పోటు పొడిచి పారిపోయినట్టు నొప్పి. మేజోడు కుట్టు వేలికి తగిలితే ప్రాణం విలవిల్లాడేది. అంత మంటలోనూ చేత్తో ముట్టుకుంటే పాదం చల్లగానే ఉండేది. ఎర్రబడదు, వాయదు. పదిమందికి చూపించి ఇదిగో అనడానికి ఏమీ లేదు. ఆవిడకి ఒళ్ళు మండేది అక్కడే.

"పైకి బాగానే ఉన్నాయిగా" అనేవాళ్ళు అందరూ.

భర్త లేతు మిషను మీద పనిచేస్తాడు. రోజూ సాయంత్రం వర్క్‌షాపు నుంచి ఒక కొత్త సలహా మోసుకొచ్చేవాడు.

"మా ఫోర్‌మన్ వాళ్ళ వదినకి ఇలాగే ఉంటే, వేడి నీళ్ళలో ఉప్పేసి అరగంట కాళ్ళు పెట్టిందట. ఇట్టే తగ్గిపోయిందట."

"అయితే ఆవిణ్ణే తెచ్చుకుని కాపురం చెయ్యండి. కాళ్ళు బాగున్నాయిగా."

"అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో ఇన్నాళ్ళకి కళ్ళారా చూస్తున్నానే" అని నవ్వాడతను. ఆవిడ నవ్వలేదు.

అతను చెడ్డవాడేం కాదు. దుప్పటి పాదాలకి తగిలితే ఆవిడ ఉలిక్కిపడుతోందని, ఇనప చువ్వలు వంచి మంచం చివర గూడులాంటిది కట్టాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు తెల్లారి లేవబోతూ మోకాలు ఆ చువ్వకే కొట్టుకుని, ఆ గూడుని బాల్కనీలో పడేసి వచ్చింది.

డాక్టరమ్మ నరాల నొప్పికి మాత్ర రాసింది. "మొదట్లో మత్తుగా ఉంటుంది. ఆ మత్తు పోయేదాకా బండి జోలికి వెళ్ళకండి" అంది. బండి జోలికి వెళ్ళకపోతే ఆవిడకి పనేముంది? రాత్రి మాత్ర వేసుకుని పొద్దున్న కారెక్కితే, మూడో రోజు సిగ్నలు లైటు రెండుగా కనపడింది. నాలుగో రోజు ఆ మాత్రల అట్టని మందులపెట్టె అడుగుకి తోసేసింది. "మాత్ర వేసుకున్నావా?" అని భర్త అడిగితే "ఆ" అనేది. బీపీ మాత్ర వేసుకుంటోందిగా, అబద్ధమేముంది అని తనకి తానే సర్దిచెప్పుకునేది.

ఒక మంగళవారం పొద్దున్న పదకొండింటికి లెక్కల టీచరుకి తొమ్మిదో పాఠం. నలభై దాటిన మనిషి. బడిలో పిల్లలు ఆవిడ పేరు చెబితే హడలిపోతారట. కారులో మాత్రం అరచేతులు చీరకి తుడుచుకుంటూ కూర్చునేది.

"గేరు మార్చాలంటే నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది మేడమ్."

"ఇవాళ ఫస్టు క్లాసే. పోనివ్వండి."

నిజంగానే ఆ రోజు టీచరు బాగా నడుపుతోంది. దుకాణాల వీధిలోకి తిప్పారు. ఒక మందుల షాపు ముందు నిచ్చెన వేసుకుని, పెయింటరు బోర్డు మీద అక్షరాలు రాస్తున్నాడు. నిచ్చెన కాళ్ళు కాస్త రోడ్డు మీదకే ఉన్నాయి. ఎదురుగా ఒక ఆటో అడ్డదిడ్డంగా దూసుకొచ్చేసరికి టీచరు కంగారుపడి స్టీరింగు ఎడమకి తిప్పేసింది. బ్రేకు మేడమ్ బ్రేకు నొక్కింది. గట్టిగా నొక్కింది.

కారు ఆగలేదు.

టీచరే కెవ్వుమని తన కాలితో బ్రేకు తొక్కింది. అప్పటికే బంపరు నిచ్చెనకి తగిలింది. నిచ్చెన పక్కకి జారిపోయింది. పెయింటరు షట్టరు పైనున్న ఇనప కడ్డీ పట్టుకుని వేలాడి, కిందకి దూకాడు. నీలం రంగు డబ్బా బానెట్ మీద బోర్లాపడింది.

బ్రేకు మేడమ్ తల వంచి తన కాలు చూసుకుంది. బూటు పెడల్ మీద లేదు. దానికి బెత్తెడు దూరంలో రబ్బరు చాప మీద ఉంది. ఇంకా బలంగా చాపనే నొక్కుతోంది. పెడలేదో చాపేదో ఆ కాలికి తెలియలేదు.

"కళ్ళున్నాయా మీకు? నిచ్చెన మీద మనిషి కనపళ్ళేదా?" పెయింటరు కేకలు. అతని మోకాలు గీసుకుపోయింది.

టీచరు ఏడుస్తూ దిగి రెండు చేతులూ జోడించింది. "తప్పు నాదే బాబూ, నాదే."

కాదు అని చెప్పడానికి బ్రేకు మేడమ్ నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఎడమకి అంత తిప్పేస్తారా టీచరుగారూ?"

మందుల షాపతను పెయింటరు మోకాలికి పట్టీ వేశాడు. టీచరు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆటో ఎక్కుతూ, "కొందరికి రాదంతే మేడమ్. నా వల్ల కాదు, ఇంక రాను" అంది.

ఇంటికొచ్చాక, బ్రేకు నొక్కినా కారు ఆగలేదని మాత్రం భర్తకి చెప్పింది, కాలి సంగతి చెప్పలేదు. అతను విని ఊరుకోలేదు. మర్నాడు స్కూలుకి వెళ్ళి, కారు కింద పడుకుని, ఆవిడ వైపు బ్రేకు తీగలన్నీ లాగి చూశాడు. "బ్రేకు బంగారంలా ఉంది" అని తేల్చాడు. స్కూలు ఓనరు ఆవిడ దగ్గరే డ్రైవింగు నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు ముప్ఫై దాటాడు. "అయితే టీచరుగారు కంగారుపడ్డారు, అంతే అక్కా. నీ తప్పేముంది?" అన్నాడు. ఇద్దరూ కలిసి తనని నిర్దోషిని చేసేస్తుంటే ఆవిడకి ఒక్కరైనా తిడితే బాగుండుననిపించింది.

గురువారం ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ ముందు బూట్లు విప్పించి, ఒక్కోటీ తిరగేసి దులిపింది. కుడి బూట్లోంచి శనగగింజంత కంకరరాయి రాలింది. మడమ దగ్గర చర్మం చిట్లి పుండయి ఉంది.

"ఇది ఎప్పటినించి?"

"తెలీదు" అంది ఆవిడ. నిజంగానే తెలీదు.

డాక్టరమ్మ ఆవిణ్ణి పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఒక సన్నని నైలాను దారం తీసింది. "అరికాలికి తగిలినప్పుడల్లా చెప్పండి."

ఆవిడ కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఫ్యాను చప్పుడు వినపడుతోంది.

"మొదలుపెట్టండి డాక్టరమ్మా."

"కుడికాలు అయిపోయిందండీ. పది చోట్ల పెట్టాను."

ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది. "మరి మంట? అది మాత్రం తెలుస్తోందిగా! రోజంతా తెలుస్తోంది! పనికొచ్చేది పోయి పనికిమాలింది మిగలడమేంటి?"

"నరం దెబ్బతింటే తప్పుడు కబుర్లు మోస్తుంది. లేని నిప్పుని ఉందంటుంది, ఉన్న రాయిని లేదంటుంది. మీరు ఆ సీట్లో కూర్చోకూడదు. మీరు బండి నడపడమూ వద్దు. మాత్ర పడకపోతే నాకు చెప్పాలి కదా, ఇంకా తక్కువతో మొదలుపెట్టేదాన్ని."

"ఎప్పుడు చెప్పను? రెండు గంటలు బయట కూర్చోబెట్టి నాలుగు నిమిషాలు చూస్తారు. కాళ్ళు మండుతున్నాయని చెప్పేసరికే ఆ నాలుగూ అయిపోతాయి."

డాక్టరమ్మ గాజుగుడ్డ చేతిలోకి తీసుకుంది. "అదీ నిజమే" అని పుండు కడిగి కట్టు కట్టింది. వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టొద్దంది, ఒళ్ళు కాలినా తెలియదట. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమంది. రోజూ అరికాళ్ళు చూసుకోమంది. షుగరు అదుపులో లేకపోతే ఇది పైకి పాకుతుందంది.

"ఇవన్నీ చేస్తే తగ్గుతుందా?"

"మంట తగ్గించుకోవచ్చు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం."

అక్కణ్ణించి తిన్నగా స్కూలుకి వెళ్ళి ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను లేచి తలుపు వేశాడు. "రేపట్నించి ఆఫీసులో కూర్చో అక్కా. టీచరుగారికి మాత్రం చెప్పకు. స్కూలు పరువు పోతుంది."

"నీ స్కూలు పరువు కోసం ఆవిడ జన్మంతా తప్పు మొయ్యాలా?"

టీచరు ఇంట్లో బల్ల నిండా పరీక్ష పేపర్లు. ఎర్ర పెన్ను చేతిలో పట్టుకునే అంతా వింది.

"రెండు రాత్రులు నాకు నిద్ర లేదు మేడమ్. కళ్ళు మూస్తే ఆ పెయింటరు మెడ విరిగి పడ్డట్టే కనపడుతోంది. మా ఆయన స్కూటరు తాళాలు కూడా దాచేశాడు. మీరు నోరు విప్పితే ఒక్క నిమిషం పట్టేది."

"అవునండీ."

"అక్కడే, అందరిముందూ నన్నన్నారు."

"అన్నాను. నా కాలు నా మాట వినలేదని చెప్పుకోవడానికి నామోషీ అయింది." బల్ల అంచు పట్టుకుంది. "ఆ రోజు కారు ఆపింది మీరు. నేను కాదు. అది చెప్పడానికే వచ్చాను."

టీచరు క్షమించానని అనలేదు. పేపర్లు పక్కకి జరిపి, "కూర్చోండి. నిలబడలేకపోతున్నారు" అని కుర్చీ లాగింది.

మూడు వారాల తర్వాత టీచరు మళ్ళీ వచ్చింది. ఈసారి పక్క సీట్లో ఓనరు కూర్చున్నాడు. రెండో ప్రయత్నంలో లైసెన్సు తెచ్చుకుంది. ఆఫీసు గుమ్మంలోంచి బ్రేకు మేడమ్‌కి చూపించింది, లోపలికి మాత్రం రాలేదు.

మాత్ర కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చారు. మంట కొన్ని రోజులు సగానికి సగం తగ్గుతుంది. కొన్ని రోజులు ఏ మందూ తనకి సంబంధం లేనట్టుంటుంది. భర్త రోజూ సాయంత్రం టార్చిలైటు వేసి ఆవిడ అరికాళ్ళు తనిఖీ చేస్తాడు, లేతు మీంచి దిగిన సరుకులో గీత వెతికినట్టు. ఆవిడకి అది సుతరామూ ఇష్టం లేదు. అయినా కాళ్ళు చాపుతుంది.

పొద్దున్న పూట ఆఫీసు గదిలో రోడ్డు గుర్తుల పాఠం చెబుతుంది. సగం మంది ఫోన్లు చూసుకుంటారు. కిటికీ బయట కార్లు వెళుతుంటే ఆవిడకి చేతులు కట్టేసినట్టుంటుంది. కొత్తగా చేరేవాళ్ళని మొదటి రోజే అడుగుతుంది, షుగరు ఉందా అని. పోయిన వారం ఒక వ్యాను డ్రైవరు లారీలు నడిపే పెద్ద లైసెన్సు కోసం, స్కూలు సంతకం కావాల్సిన ఫారం పట్టుకుని వచ్చాడు. షుగరు ఉందని ఒప్పుకున్నాడు గానీ, బూటు విప్పమంటే నవ్వాడు.

"కొంచెం తిమ్మిరి మేడమ్, అంతే. ఎవరికుండదు?"

"అరికాలు డాక్టరుకి చూపించి కాగితం తీసుకురా. అప్పుడు సంతకం పెడతాను."

"ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నాను నేను!"

"నేను పంతొమ్మిదేళ్ళు" అంది ఆవిడ.

అతను విసురుగా వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి ఓనరుతో చెప్పించాడు. ఆవిడ వినలేదు. ఫారం ఇంకా ఆవిడ సొరుగులోనే ఉంది, సంతకం లేకుండా.